మలేరియా మందుకు రాయితీ ఎవరికి ఇవ్వాలి?

ప్రశ్న: ఆఫ్రికాలో మలేరియా మందుల రాయితీని రోగికి కాక తయారీదారుకు ఎందుకు ఇచ్చారు?
– ఒక పాఠకురాలు, విజయనగరం

జవాబు: కెన్యా, ఘనా, టాంజానియాల్లో జ్వరం వచ్చినవారిలో అనేకులు ముందుగా వెళ్లేది ఊళ్లోని మందుల దుకాణానికే. అక్కడ పాత మలేరియా మందు క్లోరోక్విన్ చవకగా దొరికేది గాని, మలేరియా కలిగించే పరాన్నజీవి దానికి లొంగడం మానేసింది. పనిచేసే ఆర్టెమిసినిన్ మిశ్రమ మందుల ధర మాత్రం ఎన్నో రెట్లు ఎక్కువ. ఆర్థికవేత్త కెన్నెత్ ఆరో అధ్యక్షతన ఏర్పడిన సంఘం 2004లో చేసిన సూచన ఆధారంగా, ఎయిడ్స్, క్షయ, మలేరియాలపై పోరాటానికి డబ్బిచ్చే అంతర్జాతీయ సంస్థ గ్లోబల్ ఫండ్ 2010లో ప్రయోగాత్మక పథకం ప్రారంభించి, ధరలో అధిక భాగాన్ని తయారీదారుకే చెల్లించింది. దుకాణదారు ఆకుపచ్చని ఆకు గుర్తున్న ఆ మందును చవకగా కొని చవకగా అమ్మగలిగాడు. (సరఫరా చేసినవారిలో మన దేశపు కంపెనీలూ ఉన్నాయి.) చాలా దేశాల్లో లభ్యత పెరిగింది, నైజర్, మడగాస్కర్‌లలో అంతగా పెరగలేదు. అసలు చిక్కు వేరు: రక్తపరీక్ష లేకుండా అమ్మడం వల్ల, మలేరియా లేని పెద్దవారు కూడా ఆ మందునే మింగారు. కాబట్టి రాయితీలో కొంత పరీక్షకు మళ్లించడమే మేలని నా అభిప్రాయం.