విదేశాల్లో నాకు గుర్తుండిపోయినది: మెట్లు ఊడ్చే వంతు

పని మీదో, చిన్న సెలవు మీదో విదేశాలకు వెళ్ళి వచ్చినవాళ్ళకు అక్కడ ఏమి గుర్తుండిపోయిందని అడిగారు. కార్లలో వాడే ఎలక్ట్రానిక్ పరికరాలను పరీక్షించడం నా ఉద్యోగం. ఆ పని మీద జర్మనీకి మూడుసార్లు, సింగపూరుకు ఒకసారి వెళ్ళాను. సొంత ఖర్చుతో ఇంటిల్లిపాదీ కలిసి వెళ్ళింది వియత్నాం ఒక్కటే. నా మటుకు నాకు పని మీద వెళ్ళిన చోట్లే బాగా గుర్తున్నాయి. సెలవుకు వెళితే హోటలువాళ్ళు పక్క సర్దుతారు, డ్రైవరు కారు తలుపు తీస్తాడు, ఊరు ముస్తాబై ఎదురొస్తుంది. పని మీద వెళ్ళి ఆరు వారాలు ఒక గదిలో ఉంటే పాలు మనమే తెచ్చుకోవాలి, చెత్త మనమే వేరు చెయ్యాలి, పక్కింటివాళ్ళతో మాట కూడా పడాలి. నేను పడ్డాను.

మొదటిసారి వెళ్ళింది జర్మనీలోని ష్టుట్‌గార్ట్‌కు, జనవరిలో. గిన్నెలాంటి లోయలో ఉంటుంది ఊరు. చుట్టూ కొండలు, ఊళ్ళోనే కొండవాలున ద్రాక్షతోటలు, వాటి మధ్య నుంచి పైకీ కిందికీ మెట్ల దారులు. అలాంటి దారులు నాలుగు వందలకు పైగానే ఉన్నాయి. మా ఆఫీసువాళ్ళు చూసిపెట్టిన గది ఒక మెట్ల దారి చివర, పాత ఇంట్లో రెండో అంతస్తు. సూట్‌కేసు మోసుకుంటూ ఎక్కినప్పుడే అందులోని ఆవకాయ సీసా ఎంత బరువో తెలిసింది.

రెండో వారం సోమవారం సాయంత్రం వచ్చేసరికి నా తలుపు పిడికి చిన్న చెక్క పలక ఒకటి వేలాడుతోంది. దాని మీద ‘కేర్‌వోఖె’ అని రాసి ఉంది. ఎవరో పొరపాటున తగిలించారనుకుని తీసి ఎదురింటి తలుపుకు తగిలించాను. మర్నాడు మళ్ళీ నా తలుపుకే ఉంది. మళ్ళీ మార్చాను. బుధవారం మళ్ళీ వచ్చింది. గురువారం ఎదురింటి పెద్దావిడ నా అడుగుల చప్పుడు కోసమే కాచుకున్నట్టు తలుపు తీసి, పలకను నా చేతిలో పెట్టి, చీపురు పట్టుకుని ఊడుస్తున్నట్టు గాలిలో అభినయించి చూపించింది. ఆవిడకు డెబ్బై ఏళ్ళు దాటి ఉంటాయి. ముఖంలో నవ్వు లేదు.

కేర్‌వోఖె అంటే ఊడ్చే వారం. ఆ ప్రాంతాన్ని ష్వాబియా అంటారు, ఇది అక్కడి పాత ఆచారం. ఒకే మెట్లు వాడుకునే ఇళ్ళవాళ్ళు వారానికొకరు చొప్పున మెట్లు ఊడ్చి, తడిగుడ్డ పెట్టి, వారం తిరిగాక పలకను తర్వాతి తలుపుకు తగిలిస్తారు. మా నాన్నగారి ఊళ్ళో పొలాలకు కాలవ నీళ్ళు వంతుల ప్రకారం వదిలేవారు. వంతు తప్పినవాడి మీద ఊరు ఎలా విరుచుకుపడేదో చిన్నప్పుడు చూశాను కాబట్టి ఆవిడ కోపం నాకు వెంటనే అర్థమైంది. మూడు రోజులుగా నేను నా వంతు ఆవిడ నెత్తిన పెడుతున్నాను మరి.

శనివారం ఊడ్చేద్దామనుకున్నాను కానీ సహోద్యోగి ఒకాయన మధ్యాహ్నం భోజనానికి పిలిచాడు. వాళ్ళ అమ్మగారు మౌల్‌టాషెన్ వండారు. మన కజ్జికాయను నలుచదరంగా నొక్కి పులుసులో వేసినట్టుంటుంది. లోపల కూరేది మాంసం, పాలకూర, ఉల్లిపాయ. పైకి చూస్తే పిండి తప్ప ఏమీ కనబడదు. పూర్వం మౌల్‌బ్రోన్ మఠంలో సన్యాసులు ఉపవాస దినాల్లో దేవుడి కంట పడకుండా మాంసాన్ని ఇలా పిండిలో దాచి తినేవారని అక్కడ ఒక కథ. దేవుణ్ణి ఏమార్చే తిండి అని దానికి ముద్దుపేరు కూడా ఉంది. మా ఇంట్లో శనివారం మాంసం ముట్టరు. ఆ సంగతి చెప్పి, మా దేవుడు ఏడు కొండల మీద నుంచి చూస్తాడు కాబట్టి పిండిలో దాచినా లాభం లేదన్నాను. ఆ తల్లి పగలబడి నవ్వి, అప్పటికప్పుడు పిండి కలిపి, మరిగే నీళ్ళలోకి తురిమి, చీజ్ వేసి ష్పెట్స్‌లె చేసి పెట్టింది. ఇల్లు చేరేసరికి చీకటి పడింది.

ఆదివారం పొద్దున తొమ్మిదింటికి వాక్యూమ్ క్లీనర్ పట్టుకుని మెట్ల మీదకు వచ్చాను. మీట నొక్కి అర నిమిషం కాలేదు, ఎదురింటి తలుపు తెరుచుకుంది. పెద్దావిడ పెదవుల మీద వేలు పెట్టి ఒక్కటే మాట అంది: ‘జోన్‌టాగ్’. అంటే ఆదివారం.

జర్మనీలో ఆదివారం మామూలు సెలవు కాదు. ఆ రోజు విశ్రాంతికి రక్షణ ఉండాలని 1919 నాటి వైమార్ రాజ్యాంగంలో రాసుకున్నారు. 1949లో కొత్త రాజ్యాంగం వచ్చినప్పుడు ఆ నిబంధనను అలాగే అందులోకి తెచ్చుకున్నారు. పెద్ద రైల్వే స్టేషన్లలో దుకాణాలు, పెట్రోలు బంకులు, పొద్దున కాసేపు కొన్ని బేకరీలు తప్ప అంగళ్ళన్నీ మూతే. మొదటి ఆదివారం ఈ సంగతి తెలియక ఒక ఉల్లిపాయ, ఆవకాయ, అడుగంటిన బియ్యంతో గడిపాను. రెండోవారానికి తిండి సంగతి నేర్చుకున్నాను కానీ చప్పుడు సంగతి తెలియలేదు. ఇంట్లో యంత్రాల రొద కూడా ఆ రోజు కూడదు.

పెద్దావిడ లోపలికి వెళ్ళి పొడుగు కర్ర చీపురు, చిన్న చేట తెచ్చి ఇచ్చింది. చప్పుడు లేకుండా ఊడవవచ్చన్నమాట. నేను ఆ కర్ర పట్టుకోవడం చేతకాక, అలవాటు ప్రకారం వంగి ఊడుస్తుంటే పై మెట్టు మీద నిలబడి కిందిదాకా చూసింది. చివర్లో దిగివచ్చి మెట్ల రెయిలింగు మీద వేలితో రాసి, ఆ వేలు నాకు చూపించింది. దుమ్ము ఉంది. తడిగుడ్డతో అది కూడా తుడిచాను. ఆ తర్వాత ఉన్న నాలుగు వారాలూ ఎదురుపడితే పలకరించేది. ఒకరోజు నా తలుపు పిడికి ఒక సంచీ తగిలించి ఉంటే గుండె గుభేలుమంది. తీరా చూస్తే ఆపిల్ పళ్ళు.

ఆఫీసులో నచ్చింది మధ్యాహ్నపు పలకరింపు. పన్నెండు అయ్యేసరికి వరండాలో ఎదురుపడ్డ ప్రతివాళ్ళూ ‘మాల్‌ట్సైట్’ అంటారు. భోజనవేళ అని అర్థం. తిన్నావా అని అడగడం కాదు, తినే వేళైందని పరస్పరం గుర్తు చేసుకోవడం. నచ్చనిది కిటికీలు. బయట మంచు కురుస్తున్నా గాలి మారాలంటూ అయిదు నిమిషాలు బార్లా తెరుస్తారు. నేను ఆ అయిదు నిమిషాలూ కాఫీ యంత్రం దగ్గర తలదాచుకునేదాన్ని.

సింగపూరులో ఉన్నది నాలుగు రోజులే, చూసింది ఎక్కువగా సమావేశపు గది. కానీ మధ్యాహ్నం భోజనానికి జనం కిక్కిరిసే హాకర్ సెంటర్‌కు, అంటే చిన్న చిన్న తిండి అంగళ్ళన్నీ ఒకే కప్పు కింద ఉండే చోటుకు వెళితే ఖాళీ బల్లల మీద చిన్న టిష్యూ ప్యాకెట్లు కనబడ్డాయి. అది ఉంటే ఆ చోటు ఎవరో పట్టుకున్నట్టే, ఎవరూ కూర్చోరు. దసరా రద్దీలో గుంటూరు బస్టాండులో కిటికీలోంచి చేతిరుమాలు విసిరి సీటు పట్టినవాళ్ళకు ఆ చట్టం ఎవరూ వివరించనక్కరలేదు.

ఇక వియత్నాం. డా నాంగ్, హోయి ఆన్, అయిదు రోజులు. సముద్రం బాగుంది, దీపాలు బాగున్నాయి, ఫోటోలు ఫోనులో ఉన్నాయి. గుర్తుంది మాత్రం ‘మీ సన్’ అనే పాత గుళ్ళ లోయలో గడిపిన ఒక పూట. అక్కడ పూర్వం చంపా అనే రాజ్యం ఉండేది. నాలుగో శతాబ్దం చివర ఆ రాజ్యపు రాజు భద్రవర్మ అక్కడ శివుణ్ణి ప్రతిష్ఠించి, తన పేరు కలిపి భద్రేశ్వరుడన్నాడు. తర్వాత కొన్ని వందల ఏళ్ళపాటు ఆ లోయలో ఇటుక గుళ్ళు కడుతూనే ఉన్నారు. 1969 ఆగస్టులో అమెరికా విమానాల బాంబు దాడిలో చాలా గుళ్ళు కూలిపోయాయి. బాంబులు పడ్డ గుంటలు ఇప్పటికీ ఉన్నాయి, గడ్డి మొలిచింది. మన పురావస్తు శాఖవాళ్ళు కొన్ని గుళ్ళను బాగుచేస్తుండగా 2020లో ఇసుకరాతి శివలింగం ఒకటి చెక్కుచెదరకుండా బయటపడింది.

గైడు కుర్రవాడు అక్కడి పాత రాజ్యపు భాగాల పేర్లు చెబుతూ ‘అమరావతి’ అన్నాడు. మాతో వచ్చిన అత్తయ్యగారిది గుంటూరు జిల్లా. ‘మన అమరావతా?’ అని నిలబడిపోయారు. మనం నిలుచున్న ఈ ప్రాంతానికే ఒకప్పుడు ఆ పేరు, ఇంద్రుడి పట్టణం పేరు వాళ్ళూ పెట్టుకున్నారని నేను చెప్పాను. అప్పటిదాకా ఎండకు విసుక్కుంటున్న ఆవిడ అక్కడి నుంచి అందరికన్నా ముందు నడిచారు.

పైకప్పు లేని ఒక గుడిలో లింగం కనబడగానే చెప్పులు విప్పి, ఉత్తరం ఎటని అడిగారు. పానవట్టం నుంచి అభిషేకజలం వెళ్ళే దారి చూసుకుని, అక్కడిదాకా ప్రదక్షిణం చేసి, దాన్ని దాటకుండా వెనక్కి తిరిగి వచ్చారు. గైడుకు ఆశ్చర్యం. రోజూ ఇక్కడికి ఇందరు వస్తారు, ఈవిడ సగంలో ఎందుకు తిరిగివచ్చారని నన్ను అడిగాడు. అది సోమసూత్రం, శివాలయంలో దాన్ని దాటరు అని అత్తయ్యగారు తెలుగులో చెబుతుంటే నేను ఇంగ్లీషులో అప్పజెప్పాను. అతను చిన్న పుస్తకం తీసి రాసుకున్నాడు. నీళ్ళు ఎటు పోతాయి, ఎక్కడ ఆగాలి, ఏ చేతి వైపు తిరగాలి అని ఇంకో పది ప్రశ్నలు వేశాడు. సెలవులో నాకు పని తగిలింది ఆ ఒక్కపూటే.

మేము బయటికి వస్తుంటే అతను ఇంకో గుంపును ఆ గుడిలోకి తీసుకువెళ్ళాడు. లింగం చుట్టూ సగం తిరిగి, ఆగి, వెనక్కి నడిచి చూపిస్తున్నాడు. అత్తయ్యగారు కాసేపు చూసి, ‘చెప్పులు విప్పమను’ అన్నారు.