కత్తి పిడి చెక్క మధ్యలో మెత్తగా ఎందుకుంది?

ప్రశ్న: మామిడి దిమ్మెకు వాక్యూమ్‌లో, వేడికి గట్టిపడే రెజిన్ (చెక్కను గట్టిపరిచే ద్రవం) పట్టించాను. కోస్తే నడుమ మెత్తగా ఉంది. ఎందుకు?

జవాబు: బహుశా తడి మిగిలింది. గాలికి ఆరిన చెక్కలోనూ 10 శాతం పైగా నీరుండొచ్చు. అక్కడ రెజిన్‌కు చోటుండదు. 105 డిగ్రీల ఓవెన్‌లో 24 గంటలుంచి, బరువు తగ్గడం ఆగేదాకా తూస్తుండండి. జిప్ కవర్‌లో పూర్తిగా చల్లారనివ్వండి. వేడి చెక్క ముంచితే రెజిన్ డబ్బాలోనే చిక్కబడుతుంది.

చెక్కను రెజిన్‌లో ముంచాక, దానిలోంచి బుడగలు ఆగేదాకా వాక్యూమ్ పంపు నడవాలి. ఎక్కువమంది తొందరపడేది ఆ తర్వాతే! వాక్యూమ్ గాలిని లాగుతుందంతే. రెజిన్ ప్రధానంగా చెక్క లోపలికెళ్లేది పంపు ఆపి, డబ్బాలోకి గాలిని తిరిగి వదిలాకే. పంపు నడిచినదానికి రెట్టింపు సేపు రెజిన్‌లోనే నాననివ్వండి.

ఆపై అల్యూమినియం రేకు చుట్టి, 95 డిగ్రీల దగ్గర నడిమధ్యకూ వేడి అందేదాకా ఉంచండి. ఇరుగుడు (రోజ్‌వుడ్) చేవకు, అంటే నడిమి గట్టి చెక్కకు, ఈ శ్రమ అక్కర్లేదు, రెజిన్ సరిగా పీల్చదు కూడా.