కడుపుతో ఉన్నాను.. పాపకు పాలు మాన్పించాలా?

ప్రశ్న: నా వయసు 26 ఏళ్లు. మా పాపకు 14 నెలలు. నాకిప్పుడు నాలుగో నెల. పాప ఇంకా నా పాలు తాగుతోంది. కడుపుతో ఉండి పాలిస్తే పాపకు విరేచనాలు పట్టుకుంటాయని, కడుపులో బిడ్డకు బలం చాలదని మా అత్తగారు అంటున్నారు. ఈమధ్య పాలు కూడా తగ్గాయి. వెంటనే మాన్పించాలా?
- ఒక సోదరి, జనగామ

జవాబు: గర్భం ఆరోగ్యంగా ఉంటే మాన్పించాల్సిన పని లేదమ్మా. పాప చప్పరించినప్పుడు మీ ఒంట్లో ఆక్సిటోసిన్ అనే హార్మోన్ విడుదలవుతుంది. పాలను బయటికి తెచ్చేదీ, కాన్పప్పుడు నొప్పులు తెప్పించేదీ ఇదే. పాలిస్తే గర్భం పోతుందన్న భయం అందుకే. కానీ నెలలు నిండేదాకా గర్భసంచి ఈ హార్మోన్‌కు పెద్దగా స్పందించదు. అయితే రక్తం కనపడినా, పొత్తికడుపు పదేపదే బిగుసుకుంటున్నా, కవలలున్నా, గర్భసంచి ముఖద్వారానికి కుట్లు వేసినా, మొదటి కాన్పు నెలలు నిండకముందే అయినా మీ డాక్టర్‌ను అడిగాకే ఇవ్వండి. రక్తం కనపడితే ఆ రోజే ఆసుపత్రికి వెళ్లాలి.

పాలు తగ్గాయని దిగులు పడకండి. గర్భంలో పెరిగే హార్మోన్లు, ముఖ్యంగా ప్రొజెస్టెరాన్, పాలు ఊరనివ్వవు. నాలుగైదు నెలలకు చాలామందికి ఇలాగే అవుతుంది. వెల్లుల్లి కారాలు, మెంతులు, పాలు పడే పొడులు తిని లాభం లేదు. ఉన్న పాలు కూడా మెల్లగా ముర్రుపాలుగా మారతాయి, తీపి తగ్గి కాస్త ఉప్పగా ఉంటాయి. రుచి నచ్చక కొందరు పిల్లలు వాళ్లంతట వాళ్లే మానేస్తారు. ముర్రుపాలకు విరేచనం సాఫీగా చేసే గుణం ఉంది కాబట్టి పాపకు మోషన్ కొంచెం పల్చబడొచ్చు. మీ అత్తగారు చూసిందీ, విన్నదీ బహుశా ఇదే. పాలు చెడిపోయినట్టు కాదని ఆవిడకు నెమ్మదిగా చెప్పండి. నీళ్ల విరేచనాలైతే మాత్రం ఓఆర్ఎస్ పడుతూ పిల్లల డాక్టర్‌కు చూపించండి.

నాకు అసలు బెంగ మీ రక్తం గురించి. మొదటి కాన్పు నుంచి ఒళ్లు కోలుకోకముందే రెండో గర్భం వచ్చింది, పైగా పాలిస్తున్నారు. హిమోగ్లోబిన్ పరీక్ష చేయించుకోండి. 11 కంటే తక్కువుంటే రక్తహీనతే. ఐరన్ మాత్ర రోజూ వేసుకోవాలి, టీతో కాదు. కాల్షియం మాత్రకూ దానికీ కనీసం రెండు గంటల ఎడం ఉండాలి. గుడ్డు, పప్పు, ఆకుకూరలు, పాలు మీరు తినే అన్నానికి తోడు కావాలి. మొదటిది సిజేరియన్ అయితే ఈసారి కాన్పుకు ఆపరేషన్, రక్తం ఎక్కించే వసతి ఉన్న ఆసుపత్రినే ముందుగా చూసుకోండి. కాన్పుల మధ్య ఎడం తక్కువ కాబట్టి పాత కుట్టుకు ప్రమాదం ఎక్కువ.

పాపకు ఈ వయసులో కడుపు నింపాల్సింది అన్నమే. నెయ్యి వేసి మెదిపిన పప్పన్నం, గుడ్డు, అంగన్‌వాడీలో ఇచ్చే బాలామృతం పెట్టండి. మీ పాలు తగ్గిన మేరకు కాచిన పాలు గ్లాసుతో తాగించండి, సీసా వద్దు.

చనుమొనలు నొప్పెట్టి, నీరసంతో మీకే మానేయాలనిపిస్తే మానేయండి, అందులో తప్పేం లేదు. వేపాకు ముద్ద రాసి ఒక్కరోజులో మాన్పించొద్దు. ముందు పగటి పాలు ఒక్కో పూట తగ్గించండి, రాత్రి పడుకునేటప్పటివి చివర్లో ఆపండి. మానకుండా కాన్పుదాకా ఇచ్చినా ముర్రుపాలు అయిపోవు. మాయ పడ్డాక రెండు మూడు రోజుల్లో పాలు మళ్లీ నిండుగా పడతాయి. కాకపోతే ఆ మొదటి రోజుల్లో ప్రతిసారీ ముందు పసిబిడ్డకు పట్టి, ఆ తర్వాతే పాపకు ఇవ్వండి.