సొర ఏడ్చిన పేజీ తీసేయ్

తమ్ముడూ,

కథ అందింది, చదివాను. బాగుందని నీ స్నేహితులు చెప్పే ఉంటారు, నేను మళ్ళీ చెప్పను. ముందు ఒక్క పని చెయ్యి. సొర ఏడ్చిన పేజీ తీసేయ్.

గుజరాత్‌లోని వేరావల్ ఒడ్డున కొక్కెం దిగిన తిమింగల సొర ముసలాయన కళ్ళలోకి చూసిందనీ, దాని కంట నీళ్ళు తిరిగాయనీ రాశావు. సముద్రంలో బతికే చేపకు కన్నీళ్ళేమిటని వాదించడం నా ఉద్దేశం కాదు. ఆ కన్నీళ్ళు నీవి. ముసలాయనకు కలగాల్సిన బాధను (అసలు కలగలేదేమో కూడా) చేప మీదికి తోసి, దాన్ని ఆయన చూసినట్టు చూపించావు. అక్కడి నుంచి కథ ఆయన చేతిలోంచి జారిపోయింది. పెద్ద సొరల వేట మీద రాసేవాళ్ళు చాలామంది ఇక్కడే దారి తప్పుతారు. కొందరికి సొర రాకాసి, దాన్ని పట్టినవాడు మొనగాడు. ఇంకొందరికి సొర అమాయకురాలు, పట్టినవాడు కసాయి. ఈ రెండు రకాల కథల్లోనూ పట్టినవాడికి మాట్లాడే అవకాశం రాదు.

ఆ వేట ఎలా జరిగేదో నువ్వు ఒక్క వాక్యంలో దాటేశావు. అదే నాకు కథంతటిలోకీ పెద్ద లోటు. సౌరాష్ట్ర తీరంలో ఎండలు ముదిరే వేళకు ఈ సొరలు పైకి తేలి మెల్లగా ఈదుతూ కనిపిస్తాయి. చేపల్లోకెల్లా పెద్ద చేప ఇదే, 12 మీటర్లు దాటినవి కూడా ఉంటాయి. అంత ఒంటికి తిండేమో నోరు తెరిచి నీళ్ళు వడగట్టుకుంటే దొరికే సన్న జీవులు, చేపగుడ్లు, చిన్న చిన్న చేపలు. మనిషి జోలికి రాదు. పడవ పక్కకు వచ్చినా పెద్దగా పట్టించుకోదు, దాని కొంప ముంచింది కూడా అదే. చిన్న పడవలో పక్కకు చేరి పెద్ద ఇనుప కొక్కెం దించేవాళ్ళు. కొక్కేనికి మోకు, మోకుకు ఖాళీ పీపాలు. సొర లోతుకు దిగబోతే పీపాలు పైకి లాగుతాయి. అలా గుంజుకుని గుంజుకుని అలిసిపోయాక ఒడ్డుకు లాక్కొచ్చి కోసేవాళ్ళు. ఈ పీపాల వల్లే అక్కడి జాలర్లు ఆ చేపనే ‘బ్యారెల్’ అనేవాళ్ళు. నువ్వు కథకు పెట్టిన పేరు కూడా అదే. కానీ కథ చదివినవాడికి ఒక్క పీపా కూడా కనపడదు.

ఇదంతా కాలేయం కోసం. ఆ నూనె పూస్తే చెక్క పడవ నీళ్ళు పీల్చదు. మాంసం అక్కడివాళ్ళు తినేవారు కాదు, చాలాకాలం పారేసేవాళ్ళు. తరువాత విదేశాల్లో ఆ మాంసానికి కొనేవాళ్ళు దొరికారు. తొంభైల నాటికి వేట జోరందుకుంది. ఇప్పుడు చెప్పు, నీ ముసలాయన వెళ్ళింది నూనె కోసం పట్టిన రోజుల్లోనా, ఎగుమతి కోసం పట్టిన రోజుల్లోనా? పడవకు పూసుకునే నూనె కోసం ఏడాదికి ఒకటో రెండో చాలనుకునేవాడి చూపు ఒకలా ఉంటుంది. ఎన్ని తెచ్చినా కొనేవాడు ఒడ్డునే నిలబడి ఉంటే ఆ చూపు మారిపోతుంది. చేప అదే, కొక్కెం అదే. నీ కథలో ఆయన 1985లో ఎలా ఉన్నాడో 1998లోనూ అలాగే ఉన్నాడు.

ఇంకో సంగతి. పడవ ఆయనది కాదు. శ్రీకాకుళం జిల్లా నుంచి పొట్ట చేత పట్టుకుని వెళ్ళిన కళాసీ ఆయన. ఆ వలస ఇప్పటికీ ఆగలేదు. 2018 నవంబరులో పాకిస్తాన్ వాళ్ళు పట్టుకుపోయి 2020 జనవరిలో వాఘా దగ్గర వదిలిపెట్టిన జాలర్లలో డి.మత్స్యలేశం, బడివానిపేట ఊళ్ళ మనుషులు ఉన్నారు. వాళ్ళు వేరావల్ బోట్ల మీద పనికి వెళ్ళినవాళ్ళే. అలాంటి మనిషి చివరి పేజీలో ‘నేను పాపం చేశాను’ అని గుండెలు బాదుకుంటాడు. బోటు యజమాని ఏడీ? ఊళ్ళో అడ్వాన్సు ఇచ్చి పంపినవాడు ఏడీ? మాంసం కొన్నవాడు ఏడీ? కూలికి వెళ్ళినవాడి నెత్తిన మొత్తం పాపం పెట్టేసి, మిగతావాళ్ళను కథలోకి కూడా రానివ్వలేదు నువ్వు. ఆయన నోట నాకు వినిపిస్తున్న మాట, ‘ఏటి సేత్తాం, రమ్మన్నారు ఎల్లాం’. ఇందులో పశ్చాత్తాపం ఉందో లేదో పాఠకుడు తేల్చుకుంటాడు.

చట్టం దగ్గరికి వద్దాం. ‘ఆ తరువాత ప్రభుత్వం నిషేధించింది’ అని ఒక్క ముక్కలో తేల్చేశావు. అసలు గొడవంతా అక్కడే ఉందయ్యా. వేరావల్ వేట మీద 2000లో ఒక డాక్యుమెంటరీ వచ్చింది, దేశమంతా చూసి ఉలిక్కిపడింది. 2001 మే నెలలో తిమింగల సొరను వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూల్లో చేర్చారు. పులికీ ఏనుగుకూ ఉన్న రక్షణ ఒక చేపకు రావడం మన దేశంలో అదే మొదలు. అక్కడితో ఆగితే ఒక కథ. జూలైలో మొత్తం సొర జాతినీ, టేకు చేపలనూ కూడా అదే జాబితాలోకి తోసేశారు. అంటే, మన విశాఖ హార్బర్లో గంపలో నాలుగు పాలసొరలు పెట్టుకుని కూర్చున్న ఆడమనిషి కూడా చట్టం ప్రకారం పులిని చంపినవాడితో సమానం అన్నమాట. తీరమంతా గగ్గోలు పుట్టింది. డిసెంబరుకల్లా ప్రభుత్వం వెనక్కి తగ్గి, పది జాతులను మాత్రం ఉంచి మిగతావన్నీ తీసేసింది.

ఆ జూలై నుంచి డిసెంబరు దాకా గడిచిన నెలల మీద ఎవరైనా కథ రాస్తే చదవాలని నాకు ఎప్పటినుంచో ఉంది. నువ్వు రాయొచ్చు. వల వేసినవాడికి అందులో ఏది పడుతుందో ముందు తెలియదు. సొర కోసమే గాలాలు కట్టి లోతు సముద్రానికి వెళ్ళే వాళ్ళు వేరు, కన్యాకుమారి జిల్లా తూత్తూరు వాళ్ళకు ఆ పేరుంది. మన వైపు ఎక్కువమందికి సొర వేరే చేపలతో పాటు వచ్చి పడేదే. పడ్డాక బతికుందా, చచ్చిందా, వల కోయాలా, కోస్తే ఆ నష్టం ఎవరిది? జాలరి మనసులో మెదిలేవి ఇవి. నీ కథలో ఆయన పడవలో కూర్చుని ప్రకృతి సమతుల్యం గురించి ఆలోచిస్తాడు. ఆ మాట ఆయనది కాదు, నువ్వు చదువుకున్న పాఠంలోది.

గుజరాత్‌లో చూపు ఎలా మారిందన్నది నిజంగా చెప్పుకోదగ్గ ముచ్చట. నిషేధం వచ్చిన కొత్తలో తీరంలో చాలామందికి ఆ సంగతే తెలియదు. 2004లో వైల్డ్‌లైఫ్ ట్రస్ట్ ఆఫ్ ఇండియా, అటవీ శాఖ, కొన్ని సంస్థలు కలిసి ప్రచారం మొదలుపెట్టాయి. రామకథ చెప్పే మొరారి బాపూను ముందుపెట్టారు. ఆయన ఏం చెప్పాడంటే, ఈ చేప కాన్పుకు పుట్టింటికి వచ్చిన ఆడబిడ్డ, పుట్టింటికొచ్చిన బిడ్డను చంపుకుంటామా అని. పుట్టింటి కాన్పు మనకెంత తెలుసో వాళ్ళకూ అంతే తెలుసు. నిన్నటిదాకా కొక్కెం దించిన చేతులే వలలు కోసి సొరను వదలడం మొదలుపెట్టాయి. ఇప్పటికి అలా వందల సొరలు వెనక్కి వెళ్ళాయి.

ఇది చదివి నువ్వు ఆ బాపూ మాటను నీ కథలోకి ఎత్తుకోవాలనుకుంటావని నాకు తెలుసు. ఆగు. ప్రపంచంలో చాలా తీరాల్లో గుంపులుగా కనిపించే తిమింగల సొరల్లో ఎక్కువ భాగం ఇంకా ఎదుగుతున్న మగవి, తిండి కోసం వచ్చేవి. కాబట్టి ఆడబిడ్డ అన్నది ఒక ప్రవచనకారుడు మంచి పని కోసం వాడిన పోలిక. ఆయన వాడాడు, ఫలించింది, ఆయనకు దండం. ఆ పోలిక పనిచేయని మనిషి ఎవరన్నది కథ రాసేవాడు చూడాలి. సభలో తల ఊపి, తెల్లారి సముద్రం మీద వలలో సొర కనపడగానే ముందు వల ఖరీదు లెక్కేసుకున్నవాడు ఒకడు ఉంటాడు కదా. అటవీ శాఖ కూడా అతన్ని మర్చిపోలేదు. కోసిన వలకు 25,000 రూపాయల దాకా పరిహారం ఇచ్చే ఏర్పాటు చేసింది. ఫొటో తీసి చూపిస్తే చాలన్నారు, కెమెరాలు కూడా పంచారు. అంతకుముందు అధికారి వచ్చి చూసేదాకా సొరను వలలోనే ఉంచాల్సి వచ్చేది. నా మట్టుకు నాకు, ఆ డబ్బే లేకపోతే ఆడబిడ్డ మాట రెండు సీజన్లకు మించి నిలిచేది కాదనిపిస్తుంది. డబ్బొక్కటే ఇచ్చి ఆ మాట లేకపోయినా అంతే. ఇంకెవరైనా దీన్ని వేరేగా చూడొచ్చు.

ఇంకో తమాషా ఉంది. తిమింగల సొరను దండం పెట్టి వదిలినవాడే అదే వలలో పడ్డ వేరే సొరలను బజారుకు పంపుతాడు. అందులో అతనికి ఏ తేడా కనపడదు, నాకూ కనపడదు. మన ఇళ్ళలో బాలింతకు పాలు పడతాయని పాలసొర పిట్టు చేసి పెడతారు. మీ అమ్మ కూడా తిని ఉంటుంది. ఒకచోట కాన్పుకొచ్చిన కూతురు, ఇంకోచోట కాన్పయిన కూతురికి కూర! కథకు ఇంతకంటే ఏం కావాలి? నువ్వేమో కన్నీళ్ళ దగ్గర ఆగిపోయావు.

మీ ఊరి జనం సొర పేరు చెబితే వణికిపోయారని కూడా రాశావు. అది సినిమా చూసి రాసిన వాక్యం. ఆ భయం బీచికి ఈతకు వెళ్ళే ఊళ్ళది. పశ్చిమ ఆస్ట్రేలియాలో వరసగా కొందరు సొర దాడుల్లో చనిపోయాక 2014లో ప్రభుత్వం ఎరలు కట్టిన గాలాలు దించింది. మూడు మీటర్లు దాటిన ప్రమాదకరమైన సొరలను చంపాలన్నది ఉద్దేశం. మొత్తం 172 సొరలు చిక్కితే, జనం అన్నిటికన్నా ఎక్కువ భయపడ్డ గ్రేట్ వైట్ రకం సొర ఒక్కటీ లేదు. జనం వేలల్లో బీచికి వచ్చి ఆ పనికే ఎదురు తిరిగారు, చివరికి ఆపేశారు. అక్కడ సొరను చంపమన్నవాళ్ళకూ వద్దన్నవాళ్ళకూ ఎవరికీ సొర జీవనాధారం కాదు. మన తీరంలో గాలి తిరగడం, ఇంజన్ ఆగిపోవడం, వల చిరగడం అంటే భయం. సొర అంటే ఎంత ధర పలుకుతుందో చూద్దామనే ఆత్రం. పట్నం నుంచి వచ్చినవాళ్ళు జెట్టీ మీద దాని పక్కన నిలబడి సెల్ఫీలు దిగుతారు, మర్నాడు పేపర్లో ‘భారీ చేప’ అని వస్తుంది. అది ఇంకో రకం చూపు. కథలో ఒక్క మూలన అదీ ఉండనీ.

మన దగ్గరే జరిగినది ఒకటి చెబుతాను. 2021 డిసెంబరులో విశాఖ దగ్గర తంతడి తీరానికి దాదాపు రెండు టన్నుల తిమింగల సొర చేరింది. జాలర్లు, అటవీ శాఖవాళ్ళు, వన్యప్రాణి సంరక్షకులు కలిసి దాన్ని ప్రాణాలతో లోతు నీళ్ళలోకి పంపగలిగారు. ఇలాంటి దృశ్యం రాసేటప్పుడు అందరూ చప్పట్లు కొట్టారని ముగించకు. రెండు టన్నుల ఒంటిని కదపడానికి ఎక్కడ పట్టుకోవాలి, అల వెనక్కి వెళ్ళేటప్పుడు ఎంతమంది కాళ్ళు నిలదొక్కుకోగలరు, గట్టిగా కేకలు వేసి అందరినీ కదిలించేవాడు ఎవడు? అది జాలరి పని. ఈ చేప చట్టంలో ఏ షెడ్యూల్లో ఉందో తెలియనివాడికి కూడా నీళ్ళలో బరువు ఎలా కదులుతుందో బాగా తెలుసు. ఆ తెలివిని చూపించు.

భాష గురించి రెండు మాటలు. సంభాషణల్లో శ్రీకాకుళం మాట బాగా పట్టుకున్నావు. కానీ ప్రతి మాటనూ వంకర తిప్పి రాయకు, పాఠకుడు ముసలాయనను వదిలేసి ఆ యాసను చూస్తాడు. ఇక ‘నీలి సముద్రపు మౌన రోదన’ లాంటివి కనపడ్డచోటల్లా పెన్నుతో కొట్టేశాను, చూసి కోపం తెచ్చుకోకు.

ఆ ముసలాయన మీ పెదనాన్నేనని నాకు అర్థమైంది. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా మన తీరంలో మరబోట్లు కదలవు, మీ ఊళ్ళో మగవాళ్ళంతా ఇళ్ళ దగ్గరే ఉంటారు. అప్పుడు వెళ్ళి కూర్చో. పాపం, పుణ్యం ఊసెత్తకు. మోకు ఎన్ని బారలు ఉండేదో అడుగు. కొక్కెం ఎవరు దించేవారో, పీపాలు ఎవరు కొనేవారో అడుగు. కాలేయం యజమానికి పోయాక కళాసీలకు ఏం మిగిలేదో అడుగు. నిషేధం సంగతి ఆయనకు మొదట ఎవరు చెప్పారో, ఆ రోజు ఆయన నవ్వాడో, తిట్టాడో అడుగు. ఆయన చెప్పింది నీకు నచ్చకపోయినా అలాగే రాసుకో.

కొత్త ప్రతి తయారయ్యాక పంపు. ముగింపు ముందే అనుకుని కూర్చోకు. ఈసారి కాస్త పెద్ద అక్షరాల్లో ప్రింటు తీయించు.

ఉంటాను,
అన్నయ్య