మటన్ మసాలా పొడి అమ్మబోయే ముందు

బిడ్డా సరితా,

సంఘం లోన్‌తో దేవరకొండలో మటన్ మసాలా పొడి మొదలుపెడుతున్నావట, మంచిది. లైసెన్సు ఎట్లా అని అడిగావు. అది ఆన్‌లైన్‌లో అయ్యే పని. నీ సరుకును నిలబెట్టేదీ ముంచేదీ తేమ. ముందు దాని సంగతి విను.

రూలు ప్రకారం మసాలా మిశ్రమం పొడిలో తేమ నూటికి 10 పాళ్లు దాటొద్దు. మిషను లేకపోయినా చేతికి తెలుస్తుంది. మిరపకాయ ఊపితే గింజ గలగలమనాలి. బిర్యానీ ఆకు మడిస్తే వంగకుండా ఫట్‌మని విరగాలి. ధనియం గోటికింద మెత్తగా నలిగిందంటే ఇంకో ఎండ చూపించాల్సిందే. వడ్లు ఎండబోసినట్టు రోడ్డు మీద మాత్రం పోయకు. ఆ ఇసుక ఎంత జల్లించినా పోదు. ల్యాబువాళ్లు పొడిని కాల్చి బూడిదను యాసిడ్‌లో వేస్తారు, కరగకుండా మిగిలేది అదే. దానికి హద్దు నూటికి 2 పాళ్లు. డాబా మీద శుభ్రమైన బట్ట పరిచి, పైన సన్నటి వల కప్పు. పిట్టల రెట్టలో ఉండే సాల్మొనెల్లా అనే రోగక్రిమి ఎండిన సరుకులోనూ నెలల తరబడి బతుకుతుంది. 25 గ్రాముల శాంపిల్‌లో అది అసలే కనబడొద్దు.

క్రిములు చావడానికి గ్యాసు పట్టిస్తామని ఎవరన్నా వస్తే ఒప్పుకోకు. 2024 ఏప్రిల్‌లో హాంకాంగ్‌లో మన దేశపు కొన్ని మసాలాల అమ్మకం ఆపించింది అట్లాంటి గ్యాసే, ఇథిలీన్ ఆక్సైడ్ అంటారు.

దినుసులు విడివిడిగా, సన్న సెగ మీద వేయించు. వేయించినవి పచ్చి సరుకు పోసిన చాటలోకే మళ్లీ పోస్తారు చాలామంది, పచ్చి సరుకు క్రిములు మళ్లీ అంటుకొని చేసిన పనంతా అక్కడే పోతుంది. గిర్నిలోంచి వచ్చిన పొడి వేడిగా ఉంటుంది. తాంబాళంలో రెండు వేళ్ల మందాన పరిచి, అరచెయ్యి పెడితే చల్లగా తగిలేదాకా ఆగు. వెచ్చగా సీలు వేశావంటే కవరు లోపల చెమట పట్టి, పొడి గడ్డకట్టి, ఆ గడ్డలోనే బూజు పుడుతుంది.

గిర్నిలో నీకంటే ముందు ఎవరు ఏం పట్టించారో తెలియదు. మొదట నీ ధనియాలే అరకిలో వేసి పట్టించి ఆ పొడి పారెయ్యి. ఇక్కడ పిసినారితనం పనికిరాదు. పొడి మీద అయస్కాంతం తిప్పు, అరిగిన గిర్నిదైతే ఇనుప రజను నల్లగా అంటుకొస్తుంది.

ఎండుకొబ్బరి, పల్లీలు వేసిన పొడికి నూనె మక్కిన వాసన తొందరగా వస్తుంది. వాటికి ఆరు నెలల గడువు రాయకు. తాలు మిరపకాయ చవకని కొని రంగు కలిపే పని అసలే వద్దు. మసాలా పొడిలో రంగుకు అనుమతి లేదు.

అంగడిలో గంప పెట్టుకొని గరిటెతో కొలిచి అమ్ముతానన్నావట. కుదరదు. దినుసులు విడిగా అమ్మొచ్చు గానీ, పొడి చేశాక ప్యాకెట్లోనే అమ్మాలని చట్టం. ప్యాకెట్ మీద 14 అంకెల ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ (ఆహార భద్రత చూసే కేంద్ర సంస్థ) లైసెన్సు నంబరు, నీ పేరు, చిరునామా, నికర బరువు, ఎంఆర్‌పీ, తయారైన తేదీ, గడువు, బ్యాచి నంబరు ఉండాలి. దినుసులను బరువు ఎక్కువున్నదాని నుంచి తక్కువకు వరసగా రాయి, ధనియాలే ముందు వస్తాయి. పేరులో మటన్ ఉన్నా లోపల మాంసం లేదు కాబట్టి ఆకుపచ్చ గుర్తే వేయించు. రేపు సాంబారు పొడి చేస్తే ఇంగువ డబ్బా వెనక చదువు. అందులో గోధుమపిండి కలిపి ఉంటే నీ ప్యాకెట్ మీద కూడా గోధుమ అని చెప్పాలి. 100 గ్రాములంటే కవరు బరువు పోను 100.

పాలమూరు వైపు నుంచి దుబాయి పోయేవాళ్లు నీ దగ్గర కొంటారు. గసగసాలు వేసిన పొడి వాళ్లకు ఇవ్వకు, అక్కడ గసగసాలు నిషేధం. దొరికితే ఇబ్బంది వాళ్లకే.

ఫుడ్ సేఫ్టీ ఆఫీసరు శాంపిల్ తీస్తే బెదిరిపోకు. దాన్ని నాలుగు భాగాలు చేస్తారు. నాలుగోది గుర్తింపు ఉన్న ల్యాబుకు పంపమని అడిగే హక్కు నీకుంది, అప్పటికప్పుడే రాసి ఇవ్వు. రిపోర్టు తేడాగా వస్తే అప్పీలుకు 30 రోజులు. ప్రతి బ్యాచిలో రెండు ప్యాకెట్లు గడువు తీరేదాకా దాచిపెట్టు. డబ్బా మీద తేదీ, ఏ గిర్నిలో పట్టించావో రాసుకో.

నీ పెద్దమ్మ