మామిడిపండ్లను యాభై రెండుతో గుణించకండి

ప్రశ్న: మాది ఖమ్మం. మా వారి జీతం నెలకు 34,000 రూపాయలు. నేను ఒక ప్రైవేటు పాఠశాలలో పనిచేస్తాను, 16,000 ఇస్తారు. మే నెలకు మాత్రం జీతం ఉండదు. సెలవుల్లో పిల్లలతో ఇంట్లోనే ఉంటూ ఒక వారం ఖర్చు రాసుకున్నాను. నాలుగు కిలోల బంగినపల్లి 320, తాటి ముంజలు 100, రోజుకో మూర చొప్పున మల్లెపూలు 210, పుచ్చకాయ 60, అల్లిక దారాలు 180, డాబా మీద మొక్కలకు రెండు మట్టి కుండీలు 240. మొత్తం 1,110. ఇదే డబ్బు సిప్‌లో, అంటే నెలనెలా మ్యూచువల్ ఫండ్‌లో పెడితే పదిహేనేళ్లకు 24 లక్షలు అవుతుందని మా వారు అన్నారు. అప్పటి నుంచి పూలు కొనాలన్నా మనసొప్పడం లేదు. ఇవన్నీ మానేయాలా? అల్లికలు అమ్ముకోవచ్చు కదా అని పక్కింటివాళ్లు అంటున్నారు. 38,000 పెట్టి ఏసీ వాయిదాల్లో తీసుకోవాలనీ ఉంది.

జవాబు: ముందు పూలు కొనుక్కోండి. లెక్కల సంగతి తర్వాత చూద్దాం.

మీ వారు 24 లక్షలు ఎలా తెచ్చారో నేనూ వేసి చూశాను. 1,110ని 52 వారాలతో గుణించి పన్నెండు నెలలకు పంచితే నెలకు 4,810. ఏటా 12 శాతం రాబడి అనుకుంటే పదిహేనేళ్లకు అది 24 లక్షలు దాటుతుంది. గుణకారంలో తప్పేమీ లేదు. కానీ జనవరిలో ముంజలు ఎక్కడ దొరుకుతాయో ఆయననే అడగండి.

ముంజలు, బంగినపల్లి, చవకగా మల్లెలు... ఇదంతా మహా అయితే ఎనిమిది వారాల ముచ్చట. పుచ్చకాయతో కలిపి వారానికి 690, ఎనిమిది వారాలకు 5,520. దారాలు నెలకోసారి కొన్నా రెండు నెలలకు 360. కుండీలకు 240 ఒక్కసారే, అవి పగిలేదాకా ఉంటాయి. వెరసి ఏడాదికి 6,120, నెలకు 510 రూపాయలు. ఆయన వేసిన 12 శాతం లెక్కలోనే ఇది పదిహేనేళ్లకు సుమారు రెండున్నర లక్షలవుతుంది. ఆ 12 శాతానికి ఎవరి పూచీ లేదన్నది వేరే సంగతి. రెండున్నర లక్షలు తక్కువేమీ కాదు. పదిహేను వేసవుల పాటు సాయంత్రం డాబా మీద నీళ్లు చల్లుకుని, పిల్లలు ముంజలు ఒలుస్తూ ఒకరి మీద ఒకరు నీళ్లు చిమ్ముకుంటుంటే కూర్చుని చూడడానికి అయ్యే ఖర్చది. నేనైతే సంతోషంగా పెడతాను.

మీ ఇంట్లో అసలు చిల్లు వేరే చోట ఉంది. మే నెల జీతం. పదకొండు నెలలు 50,000కు అలవాటుపడిన ఇల్లు, పిల్లలు రోజంతా ఇంట్లోనే ఉండే నెలలో 34,000తో నడవాలి. ఆ ఒత్తిడిలో కళ్లెదుట కనిపించేది మల్లెపూలే కాబట్టి నింద వాటి మీద పడింది. మీకు ఏడాదికి వచ్చేది 1,76,000. దాన్ని పన్నెండుతో భాగిస్తే 14,667. ఇక నుంచి మీ జీతం 16,000 కాదు, ఇదే అనుకోండి. జూన్ నుంచి ఏప్రిల్ దాకా జీతం పడిన రోజే 1,900 వేరే పొదుపు ఖాతాలోకి దానంతట అదే వెళ్లేలా బ్యాంకులో చెప్పి పెట్టండి. పదకొండు నెలలకు 20,900 అవుతుంది. అందులో 14,667 మే నెల జీతం, మిగిలిన 6,233 వేసవి సరదాలకు. వడ్డీ పెద్దగా రాదు, రాకపోయినా ఫరవాలేదు. నెలనెలా కట్టే పోస్టాఫీసు ఆర్‌డీ మాత్రం దీనికి వద్దు. అది అయిదేళ్లది, మూడేళ్లు నిండకుండా మూసివేయనివ్వరు.

అల్లికల విషయంలో నాది కాస్త మొండి అభిప్రాయం. ఒక గుమ్మం తోరణానికి 180 రూపాయల దారం, పదిహేను గంటల పని పట్టిందనుకుందాం. 500కు అమ్మితే గంటకు 21 రూపాయలు మిగులుతాయి. పైగా ‘రంగు మార్చి ఇవ్వండి’ అనేవాళ్లు తయారవుతారు. సెలవుల్లో మీకున్న ఒక్క విశ్రాంతినీ కూలికి ఇవ్వకండి.

ఏసీ ఈ మే నెలలో వద్దు. జీతం రాని నెలలో కొత్త వాయిదా తలకెత్తుకోవడం నాకు నచ్చదు. కరెంటు బిల్లు కూడా చూసుకోవాలి. తెలంగాణలో నెల వాడకం 200 యూనిట్లు దాటితే, దాటిన యూనిట్లకే కాదు, మొదటి యూనిట్ నుంచీ ధర మారుతుంది. మొదటి వంద యూనిట్లకు ఒక్కోదానికి 3.40 రూపాయలు పడే చోట 5.10 పడుతుంది. ఇప్పుడు మీ బిల్లు 160, 170 యూనిట్ల దగ్గర ఉంటే రాత్రిళ్లు ఏసీ వేయగానే ఆ గీత దాటుతారు. కిటికీలో కూలర్ పెట్టుకుని ఈ ఏడాది గడపండి.

చలికాలంలో కొనాలనిపిస్తే దుకాణంలో ముందు వాయిదాల ధర అడగండి, ఆ తర్వాత మొత్తం ఒకేసారి చెల్లిస్తే ఎంతకిస్తారో అడగండి. ‘వడ్డీ లేని వాయిదా’ అన్నదాంట్లో వడ్డీ ఎక్కడ దాక్కుందో ఆ తేడాలో తెలుస్తుంది. క్రెడిట్ కార్డు మీద తీసుకుంటే ఆ వడ్డీపై 18 శాతం జీఎస్టీ, ప్రాసెసింగ్ రుసుము అదనంగా పడతాయేమో కూడా కనుక్కోండి.