18 కిలోలు తగ్గినా అద్దంలో పాత ఒళ్లే కనిపిస్తోంది. ఇంకా తగ్గాలా, కండ పెంచాలా?

అనంతపురం నుంచి మీరు రాసిన దాంట్లో రెండు ప్రశ్నలు కలిసి ఉన్నాయి. 172 సెంటీమీటర్ల ఎత్తున్న మీరు ఏడాదిలో 88 కిలోల నుంచి 70కి వచ్చారు. పొట్ట దగ్గర, రొమ్ము దగ్గర మెత్తదనం పోలేదు కాబట్టి ఇంకా తగ్గాలని మీకు ఉంది. జిమ్‌లో తోటివాళ్లు ‘సైజు లేదు, బాగా తిను’ అంటున్నారు. బంధువులేమో జబ్బు చేసిందా అని అడుగుతున్నారు. తగ్గాలా పెంచాలా అన్నది మొదటి ప్రశ్న. రోజుకు మూడుసార్లు బరువు చూసుకుంటున్నానని, అద్దం ముందు నిలబడితే పాత మనిషే కనిపిస్తున్నాడని చివర్లో ఒక్క వాక్యం రాసి వదిలేశారే, అది రెండోది. మొదటిదానికి జవాబు చిన్నది, దాన్ని చివరికి ఉంచుతాను. నేను కొన్నేళ్లు నలిగింది రెండోదానితోనే.

నాది కర్నూలు, ఒక డిగ్రీ కళాశాలలో కామర్స్ చెబుతాను. 2019 చివర్లో నా ఎత్తు 171 సెంటీమీటర్లు, బరువు 94 కిలోలు, నడుము చుట్టుకొలత 106 సెంటీమీటర్లు. రక్తపరీక్షలో మూడు నెలల సగటు చక్కెర 6.1 శాతం వచ్చి, మధుమేహానికి ముందు మెట్టు మీద ఉన్నానని వైద్యుడు చెప్పాక అన్నం తగ్గించి, పొద్దున్నే కె.సి. కాలువ గట్టు వెంట నడవడం మొదలుపెట్టాను. లాక్‌డౌన్ రోజుల్లో మేడ మీదే గుండ్రంగా తిరిగాను. 2021 వేసవికి 72 కిలోలకు వచ్చాను. తగ్గడం గురించి చెప్పుకోవడానికి ఇంతకంటే పెద్దగా ఏమీ లేదు.

నా చిక్కు బరువుతో మొదలైంది కాదు. చిన్నప్పటి నుంచి నా రొమ్ము ఉబ్బెత్తుగా ఉండేది. బడిలో దానికి పెట్టిన పేరు ఇక్కడ రాయను, అలాంటి పేర్లు మీరూ వినే ఉంటారు. మా ఇంట్లో ఏడాదికొకసారి మంత్రాలయం వెళ్లే ఆనవాయితీ ఉంది. అక్కడ స్వామివారి బృందావన దర్శనానికి వెళ్లే మగవాళ్లు చొక్కా, బనీను తీసేయాలి. పదిహేనేళ్ల వయసు నుంచి ఆ వరుసలో నేను ఒకే పద్ధతిలో నిలబడ్డాను: చొక్కాను నాలుగు మడతలు వేసి, ఎడమ ముంజేతి మీద పరచి, ఆ చేతిని రొమ్ముకు అడ్డంగా ఆనించి, కుడి చేత్తో దాన్ని పట్టుకునేవాణ్ణి. చూసేవాళ్లకు అది భక్తిలా కనిపించి ఉండవచ్చు. నా ముందు బొజ్జ వేలాడేసుకుని నిశ్చింతగా నిలబడిన పెద్దవాళ్లను చూసి అసూయపడేవాణ్ణి.

22 కిలోలు తగ్గిన తర్వాత, 2021 డిసెంబరులో మళ్లీ వెళ్లాం. వరుసలో ఉండగా మా బావమరిది వెనక నుంచి, “చలి పెడ్తాందా ఏమి బావా, చొక్కా అట్ల అదుముకున్యావు?” అన్నాడు. అప్పుడు చూసుకున్నాను. అదే నాలుగు మడతలు, అదే ఎడమ చెయ్యి. కామర్స్‌వాణ్ణి కాబట్టి నాకు తోచిన పోలిక ఇది: పాత సంవత్సరపు ముగింపు నిల్వను కొత్త ఖాతా పుస్తకంలో మొదటి పంక్తిగా ఎత్తి రాస్తాం, మధ్యలో అప్పు తీరిపోయినా దాన్ని కొట్టివేసే పని మాత్రం నేను చేయలేదు. ఒళ్లు ఏడాదిన్నరలో మారింది, చూసే కన్ను మారడానికి నాకు మరో రెండేళ్లు పట్టింది. మీరు తగ్గింది ఏడాదిలోనే కదా, మీ కన్ను ఇంకా వెనకబడే ఉందని నా అనుమానం.

ఆ వెనకబాటును సవరించడానికి నేను చేసిన మొదటి పనులన్నీ తప్పులే. అప్పటి నా బరువుకు బి.ఎం.ఐ., అంటే ఎత్తుకు బరువు ఎంత తగ్గట్టుగా ఉందో చూపే అంకె, 24.6 వస్తుంది. మన దేశంలో వైద్యులు వాడే హద్దుల ప్రకారం 23 దాటితే అధిక బరువు, 25 దాటితే స్థూలకాయం. కాబట్టి నేనింకా లావుగానే ఉన్నానని ఆ పట్టికే చెబుతున్నదని నన్ను నేను నమ్మించుకున్నాను. అదే సమయంలో ఒక పెళ్లిలో మా పెద్దమ్మ చెయ్యి పట్టుకుని, “ఏం నాయనా, ఇట్ల సన్నమైపోతివి, సుగరేమన్నా వచ్చిందా?” అని కన్నీళ్లు పెట్టుకుంది. ఒకే వారంలో ఒకరు చిక్కిపోయావన్నారు, పట్టిక లావన్నది. రెండింటినీ నమ్మాను. ఆ స్థితిలో 2022 జనవరిలో జిమ్‌లో చేరాను.

మూడు వారాల్లో 2 కిలోలు పెరిగాను. ఆ పొద్దు యంత్రం మీద నిలబడి దిగి, జరిపి, మళ్లీ ఎక్కి చూసిన సంగతి ఇప్పటికీ గుర్తుంది. అది కొవ్వు కాదని నాకెవరూ చెప్పలేదు. బరువులు ఎత్తడం మొదలుపెట్టిన కొత్తలో కండరాలు నీటిని పట్టి ఉంచుకుంటాయి. తిండి కాస్త పెరిగితే కండరాల్లో నిల్వ చేరే పిండిపదార్థం, అంటే గ్లైకోజెన్, గ్రాముకు సుమారు 3 గ్రాముల నీటిని వెంట తెచ్చుకుంటుంది. జిమ్‌కు వెళ్లేవాళ్లు కండ కోసం తీసుకునే క్రియాటిన్ పొడి వాడేవాళ్లకు మరికొంత నీరు చేరుతుంది. ఉప్పు ఎక్కువైన పెళ్లి భోజనం మర్నాడు కిలోన్నర పెరిగినట్టు చూపేదీ ఇదే లెక్క. కిలో కొవ్వంటే దాదాపు 7,700 కిలోకేలరీలు. ఎంత మర్యాదగా వడ్డించినా ఒక్క విస్తట్లో అన్ని పట్టవు. ఈ మాత్రం లెక్క తెలిసి ఉంటే నేను భయపడేవాణ్ణి కాదు. భయపడ్డాను కాబట్టి రాత్రి భోజనం మానేశాను, జూలైకి 66 కిలోలకు దిగాను. జుట్టు రాలింది, తరగతిలో పిల్లల మీద ఊరికే కసురుకునేవాణ్ణి, మార్చిలో ఎత్తిన బరువు జూలైలో ఎత్తలేకపోయాను. రొమ్ము దగ్గర ఉబ్బెత్తు మాత్రం ఉన్నచోటే ఉంది.

ఆ జిమ్‌లో నేర్పే అతను దీనికి చూపిన దారి కండ పెంచే స్టెరాయిడ్ సూది మందు. ‘మూడు నెలలు వేసుకో సార్, ఛాతీ పలక మాదిరి వస్తుంది’ అన్నాడు. నేను సరేనననిది నైతికతతో కాదు, సూదులంటే భయంతో. తర్వాత తెలిసింది, అలాంటి స్టెరాయిడ్లలో కొంత భాగం శరీరంలో ఈస్ట్రోజెన్ అనే ఆడ హార్మోనుగా మారి మగవాళ్లలో రొమ్ము గ్రంథిని పెంచుతుందని, టెస్టోస్టెరాన్ అనే మగ హార్మోను సొంత తయారీ పడిపోయి వృషణాలు చిన్నబడతాయని. అంటే నేను దేన్ని దాచుకోవడానికి పదిహేనేళ్ల వయసు నుంచి చొక్కా అడ్డం పెట్టుకున్నానో, ఆ మందు సరిగ్గా దాన్నే పెంచేది. మీ జిమ్‌లో ఎవరైనా ఇలాంటి మాట ఎత్తితే జిమ్ మార్చండి.

చివరికి ఒక శస్త్రచికిత్స నిపుణుడికి చూపించుకున్నాను. ఆయన రెండు వేళ్లతో నొక్కి చూసి, చనుమొనల కింద రూపాయి బిళ్లంత గట్టి గ్రంథి ఉందని, చుట్టూ ఉన్న కొవ్వు తగ్గుతుందే తప్ప అది ఉపవాసాలకు కరగదని చెప్పారు. పరీక్ష అయిదు నిమిషాలు కూడా పట్టలేదు. కరగని దాని కోసం ఆరు నెలలు పస్తులున్నానన్నమాట. ఆపరేషన్ ఉందన్నారు, నేను చేయించుకోలేదు, చేయించుకున్నవాళ్లను తప్పుపట్టను. మీ రొమ్ము దగ్గర మిగిలింది కొవ్వా, గ్రంథా, లేక సాగిన చర్మమా అన్నది మీరు అద్దంలో తేల్చుకోలేరు. వైద్యుడికి చూపించండి. సాగిన చర్మమైతే కొన్ని నెలల్లో కొంత సర్దుకుంటుంది, మొత్తం సర్దుకోకపోవచ్చు. పూతలకు డబ్బు తగలేయకండి.

ఆయన సలహా మీదే మానసిక వైద్యుణ్ణి కూడా కలిశాను. వెళ్లడానికి నెల రోజులు వెనకాడాను, ఎందుకంటే మన ఊళ్లలో ఆ గది ముందు కూర్చుంటే తెలిసినవాళ్లు ఎవరో ఒకరు కనపడతారు. నాకూ కనపడ్డారు, ఏమీ కాలేదు. శరీరంలో లేని లోపాన్నో, ఉన్న చిన్న లోపాన్నో పట్టుకుని గంటల తరబడి కుమిలిపోవడం గుర్తింపు పొందిన రుగ్మతేనని, ఎంత కండ పెంచినా తాను బక్కగానే ఉన్నాననుకోవడం అందులో ఒక రకమని, అమెరికా మానసిక వైద్యులు 2013లో ప్రచురించిన వర్గీకరణలో కూడా దాన్ని చేర్చారని ఆయన వివరించారు. నేను ఆ గీతకు ఇవతలే ఉన్నానన్నారు. అద్దం చూడటం, తడుముకోవడం, బరువు చూసుకోవడం ఆ క్షణానికి ఊరటనిచ్చి తర్వాత దిగులును పెంచే అలవాట్లు కాబట్టి ముందు వాటికి కత్తెర వేయమన్నారు. మీరు ఈ ఆలోచనల వల్ల పెళ్లిళ్లకు, పనికి వెళ్లడం మానేస్తున్నా, తిండి తిన్నందుకు మిమ్మల్ని మీరు శిక్షించుకుంటున్నా ఆలస్యం చేయకండి. 2022 అక్టోబరులో కేంద్రం మొదలుపెట్టిన మానసిక ఆరోగ్య సహాయ సేవ టెలీ మానస్ ఉచిత నంబరు 14416కు ఏ వేళైనా ఫోన్ చేయవచ్చు, తెలుగులో మాట్లాడతారు.

నేను వేసిన కత్తెర ఇది. బరువు యంత్రాన్ని మా చెల్లెలి ఇంటికి పంపేశాను. నెలకు రెండుసార్లు అక్కడికి వెళ్లి చూసుకుంటాను. స్నానాల గదిలో పక్కకు తిరిగి నిలబడి చూసుకునే పని మానడానికి చాలా రోజులు పట్టింది, దాన్ని మానేశానని ఇప్పటికీ ప్రమాణం చేసి చెప్పలేను. ఒక విషయం తెలిశాక మాత్రం అద్దం మీద గౌరవం తగ్గింది: జిమ్‌లో పైనుంచి పడే దీపం కండల కింద నీడలు పరిచి వాటిని ఎత్తి చూపిస్తుంది, వ్యాయామం కాగానే రక్తం చేరి అవి అరగంటసేపు ఉబ్బి ఉంటాయి; ఇంట్లో ట్యూబ్‌లైటు ఎదుటి నుంచి పడి అంతా చదునుగా చూపిస్తుంది. ఒకే సాయంత్రం, ఒకే మనిషి. మీరు ఫోన్‌లో చూసే వీడియోలన్నీ మొదటి దీపం కింద తీసినవే.

అద్దానికి బదులు నాకు నమ్మకమైన సాక్షి ఒకరు అనుకోకుండా దొరికారు. మా దర్జీ దగ్గర 2014 నుంచి నా కొలతలు పుస్తకంలో ఉన్నాయి. 2023లో బావమరిది పెళ్లికి చొక్కా కుట్టించడానికి, అలవాటు ప్రకారం పాత వదులు చొక్కా ఒకటి ఆది కోసం తీసుకెళ్లాను. ఆయన దాన్ని నా భుజాల మీద పెట్టి చూసి, తిరిగి సంచిలో వేసి, “ఈ ఆది మీది కాదు సార్” అన్నాడు. టేపు తీసి కొలిచి, పుస్తకంలో పాత అంకెల పక్కన కొత్తవి రాశాడు: భుజం అంగుళం పెరిగింది, నడుము ఎనిమిదంగుళాలు తగ్గింది. ఆయన మెచ్చుకోలేదు, జాలిపడలేదు, తర్వాతి మనిషి కొలతలకు పేజీ తిప్పాడు. అంతకు ముందు ఎవరి మాటా నాలోకి అలా దిగలేదు. ఇంకొకటి కూడా చెప్పాలి: ఇప్పుడు నా బరువు 73, నడుము 84 సెంటీమీటర్లు. 2021లో 72 కిలోలున్నప్పుడు నడుము 91. అంటే బరువు కిలో పెరిగింది, నడుము 7 సెంటీమీటర్లు తగ్గింది, బి.ఎం.ఐ. పట్టిక ప్రకారం నేనిప్పుడు అప్పటికంటే లావు.

ఇక మీ మొదటి ప్రశ్న. మీరు ఇంకా తగ్గవద్దన్నది నా అభిప్రాయం. 70 కిలోలకు మీ బి.ఎం.ఐ. 23.7 అవుతుంది, నడుము మన మగవాళ్లకు చెప్పే 90 సెంటీమీటర్ల హద్దు లోపలే ఉంటే తిండి తగ్గించాల్సిన పని లేదు. బరువు నిలకడగా ఉండేంత తింటూ, వారానికి మూడు రోజులు బరువులు ఎత్తండి. స్క్వాట్, డెడ్‌లిఫ్ట్, బెంచ్ ప్రెస్, రోయింగ్ లాంటి పెద్ద కదలికలు చాలు. ఎన్ని కిలోలు, ఎన్నిసార్లు ఎత్తారో నోటు పుస్తకంలో రాసుకోండి. మనసు బాగాలేని రోజున నేను తెరిచేది ఆ పుస్తకమే.

ప్రోటీన్ విషయంలో హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ మామూలు మనిషికి సిఫారసు చేసేది కిలో బరువుకు 0.83 గ్రాములు, కండ పెంచేవాళ్లకు 1.6 గ్రాముల దాకా ఉపయోగం ఉంటుందని పరిశోధనలు చెబుతున్నాయి. మీకు అది సుమారు 110 గ్రాములు. నాలుగు గుడ్లు, 200 గ్రాముల కోడిమాంసం, రెండు గిన్నెల పెరుగు, పప్పు, గుప్పెడు చెనిక్కాయలు, రాగి సంగటి కలిపితే దాదాపు సరిపోతుంది, డబ్బా పొడి తప్పనిసరి కాదు. మూత్రపిండాల సమస్య ఉంటే మాత్రం వైద్యుణ్ణి అడగకుండా పెంచకండి.

మొదటి నెలలో బరువు కిలో, రెండు కిలోలు పెరుగుతుంది. పెరుగుతుందని ఇప్పుడే ఒక కాగితం మీద రాసి యంత్రం మీద అంటించండి. నడుము నెలకొకసారి, పొద్దున పరగడుపున, బొడ్డు దగ్గర, ఊపిరి వదిలాక కొలవండి. టేపు దర్జీలు వాడే గుడ్డ టేపే కొనండి. ఇంట్లో ఉండే ఇనుప టేపు నడుము చుట్టూ సరిగ్గా కూర్చోదు.